నాడి అందనప్పుడు ఏ పని ముందు?

నాడి అందని మనిషిని బతికించే ప్రయత్నంలో ఏ పని ముందు, ఏది తర్వాత అన్న వరస అందరికీ ఒకటే కాదు. గుండె తనంతట తాను ఆగిపోయినవాడికి ఒక వరస. దెబ్బ తగిలి, రక్తం పోయి గుండె ఆగినవాడికి ఇంకో వరస. పైకి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. స్పృహ ఉండదు, ఊపిరి ఆడదు, మెడ దగ్గర నాడి కొట్టుకోదు. లోపల జరిగింది మాత్రం వేరు. మొదటివాడి ఒంట్లో ఐదు లీటర్ల రక్తం అలాగే ఉంది, అందులో మరికొన్ని నిమిషాలకు సరిపడే ప్రాణవాయువూ ఉంది. దాన్ని తిప్పే యంత్రం ఆగిపోయింది. రెండోవాడికి యంత్రం బాగానే ఉంది, తిప్పడానికి రక్తమే లేదు. పైపు పగిలిన బోరుకు ఎంతసేపు మోటారు ఆడించినా మడికి నీరు చేరదు. అత్యవసర వైద్యంలో గత అరవై ఏళ్లలో వచ్చిన పెద్ద మార్పులు చాలావరకు ఈ తేడాను గుర్తించడం వల్ల వచ్చినవే. తెలుగు రాష్ట్రాల్లో ప్రజలకు అందుతున్న శిక్షణ మాత్రం మొదటి వరస దగ్గరే ఆగి ఉంది.

గుండెపోటు, గుండె ఆగిపోవడం ఒకటి కావు. వార్తల్లో రెండూ కలిసిపోతుంటాయి. గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం పూడుకుపోతే వచ్చేది గుండెపోటు. అప్పుడు మనిషి సాధారణంగా స్పృహలోనే ఉంటాడు, నొప్పి చెప్పుకుంటాడు, చెమటలు పోస్తాయి. అతనికి కావలసింది ఆసుపత్రి. ఛాతీ మీద నొక్కుళ్లు అతనికి అక్కర్లేదు. గుండె ఆగిపోవడం, అంటే డాక్టర్లు కార్డియాక్ అరెస్ట్ అనేది, గుండెపోటు వల్ల రావచ్చు, వేరే కారణాల వల్లా రావచ్చు. పెద్దవాళ్లలో ఇది హఠాత్తుగా వచ్చినప్పుడు తరచు జరిగేది గుండె కింది గదులు లయ తప్పి వణకడం. వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. గుండె కదులుతూనే ఉంటుంది కానీ ఒక్క చుక్క రక్తాన్నీ ముందుకు తోయదు. నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

దీనికి విరుగుడు అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో రెండు వేర్వేరు చోట్ల తయారైంది. 1950ల చివర్లో పీటర్ సఫార్ అనే మత్తు డాక్టరు, స్పృహ తప్పినవాడి తల వెనక్కి వంచి నోటితో ఊపిరి ఊదితే చాలినంత గాలి అందుతుందని ప్రయోగాలతో చూపించాడు. అదే ఊళ్లో జాన్స్ హాప్కిన్స్‌లో విద్యుత్ షాక్ మీద పరిశోధన చేస్తున్న కౌవెన్‌హోవెన్, నికర్‌బాకర్‌లు ఇంకో సంగతి గమనించారు. కుక్క ఛాతీ మీద షాక్ పలకలను గట్టిగా అదిమినప్పుడు, షాక్ ఇవ్వకముందే రక్తపోటు పెరుగుతోంది. సర్జన్ జేమ్స్ జూడ్ కూడా కలిశాక 1960లో ఆ ముగ్గురూ ప్రచురించిన వ్యాసంతో, ఛాతీ కోయకుండా పైనుంచి నొక్కే పద్ధతి లోకానికి తెలిసింది. రెండు పాయలూ కలిసి సీపీఆర్ అయ్యాయి. శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ అన్న ఏ-బి-సి వరస సఫార్ పేరుతో స్థిరపడింది, వైద్య విద్యార్థులు దశాబ్దాల పాటు దాన్ని వల్లె వేశారు.

వరస తిరగబడింది 2010లో. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ ఏడాది మార్గదర్శకాల్లో ఏ-బి-సిని సి-ఏ-బి చేసింది. కారణం పైన చెప్పినదే: రక్తంలో ప్రాణవాయువు ఇంకా ఉంది, మెదడుకు చేరడం లేదు. తల వంచి, నోరు తెరిచి, ముక్కు మూసి, ఊపిరి ఊదే సరికి విలువైన సమయం గడిచిపోతుంది. నోటితో ఊదడానికి జంకి అసలు ఏమీ చేయకుండా నిలబడిపోయేవాళ్ల సమస్య కూడా ఉంది. అందుకే శిక్షణ లేనివాళ్లు ఊపిరి ఊదకుండా ఛాతీ నొక్కితే చాలని ఆ సంస్థ 2008లోనే చెప్పింది. మన దేశంలో మత్తు డాక్టర్ల సంఘం పూనికతో 2017లో వచ్చిన మార్గదర్శకాలు కూడా సామాన్యులకు నొక్కడం ఒక్కటే నేర్పమన్నాయి. ఈ దేశపు పరిస్థితులకు అది తెలివైన నిర్ణయం.

నొక్కడం అనేది తేలికగా వినిపించే కష్టమైన పని. ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద అరచేతి మడమ ఆనించి, మోచేతులు వంచకుండా, కనీసం 5 సెంటీమీటర్లు, 6కు మించకుండా అణగదొక్కాలి. వేగం నిమిషానికి 100 నుంచి 120. ప్రతి నొక్కు తర్వాత ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి, ఎందుకంటే గుండెలోకి రక్తం తిరిగి నిండేది అప్పుడే. ఎంత బాగా చేసినా మామూలు ప్రసరణలో పావు నుంచి మూడో వంతు మాత్రమే వస్తుంది. మధ్యలో ఆపితే ఆ కొద్దిపాటి ఒత్తిడి వెంటనే పడిపోతుంది, మళ్లీ పుంజుకోవడానికి చాలా నొక్కుళ్లు కావాలి. నాడి ఉందా లేదా అని మాటిమాటికీ ఆగి చూడటం, నలుగురూ చేరి స్ట్రెచర్ ఎక్కించడానికి తొందరపడటం, వీడియో కోసం జనాన్ని పక్కకు జరపడం, ఇవన్నీ మెదడుకు వెళ్తున్న రక్తాన్ని ఆపేస్తాయి. రెండు నిమిషాల్లో ఎవరైనా అలసిపోతారు కాబట్టి ఇంకొకరు అందుకోవాలి.

అసలు చికిత్స షాక్. వణుకుతున్న గుండెను విద్యుత్ ఘాతంతో ఒక్కసారి నిశ్చలం చేస్తే, దాని సొంత లయ తిరిగి మొదలయ్యే అవకాశం వస్తుంది. సీపీఆర్ కూడా లేకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. అమెరికా జూదశాలల్లో సెక్యూరిటీ సిబ్బందికి షాక్ పెట్టెలు ఇచ్చి చేసిన అధ్యయనం 2000లో వచ్చింది. అందరి ఎదుట కుప్పకూలి మూడు నిమిషాల లోపు షాక్ అందినవారిలో 74 శాతం మంది ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లారు. మూడు నిమిషాలు దాటితే 49 శాతం. అక్కడ పని చేసింది డాక్టర్లు కాదు, కాపలాదారులు. ఆటోమేటిక్ షాక్ పెట్టె తానే గుండె లయ చదివి, అవసరమైతేనే షాక్ ఇస్తుంది, కాబట్టి చదువు రానివారూ వాడగలరు. మిగతా ప్రక్రియలకు ఇంత బలమైన ఆధారం లేదు. బ్రిటన్‌లో 8,000 మందికి పైగా రోగులపై జరిగి 2018లో ప్రచురితమైన అధ్యయనంలో, అడ్రినలిన్ ఇచ్చినవారిలో 30 రోజుల తర్వాత 3.2 శాతం, ఇవ్వనివారిలో 2.4 శాతం బతికి ఉన్నారు. మెదడు బాగా పనిచేసే స్థితిలో బయటపడినవారి విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే ఇంజెక్షన్ కంటే చేతులు, షాక్ ముఖ్యం.

ఈ వరసకు మినహాయింపులున్నాయి. చెరువులోనో కాలువలోనో మునిగినవాడికి, ఉరి బిగిసినవాడికి, చిన్నపిల్లలకు గుండె ఆగేది ప్రాణవాయువు అయిపోయాక. వాళ్ల రక్తంలో నిల్వ ఏమీ మిగలదు. అక్కడ ఊపిరి ఊదకుండా నొక్కడం సగం పనే. నీళ్లలోంచి తీసినవాడిని బోర్లించి పొట్ట నొక్కి నీళ్లు కక్కించే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. అది సమయం వృథా, పైగా పొట్టలోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొలం మోటారు దగ్గర కరెంటు కొట్టినవాడి సంగతి వేరు. అతని గుండె చాలాసార్లు వణుకుతూ ఆగుతుంది, కాబట్టి కరెంటు తీశాక మొదటి పని ఛాతీ నొక్కడమే. తీయకుండా పట్టుకుంటే శవాలు రెండవుతాయి.

నొక్కాలో వద్దో తేల్చుకోలేక ఆగిపోవడం ఇంకో చిక్కు. గుండె ఆగిన తొలి నిమిషాల్లో చాలామంది నోరు తెరిచి అప్పుడొకటి అప్పుడొకటిగా గాలి లాగుతారు. తెలుగు ఇళ్లలో దీన్ని ఎగశ్వాస అంటారు. అది చూసి ఊపిరి ఆడుతోందని సరిపెట్టుకుంటారు. అది ఊపిరి కాదు, మెదడు అడుగు భాగం చేసే చివరి ప్రయత్నం. మెదడుకు రక్తం ఆగిన మొదటి క్షణాల్లో కాళ్లూ చేతులూ కొట్టుకోవడమూ ఉంటుంది. ఫిట్స్ అనుకుని తాళాల గుత్తి చేతిలో పెడతారు. తాళాల గుత్తి ఫిట్స్‌కూ పనికిరాదు, ఇక్కడైతే అసలే కాదు. పిలిస్తే పలకడం లేదు, మామూలుగా ఊపిరి తీయడం లేదు అంటే నొక్కడం మొదలుపెట్టాలి. పొరపాటున గుండె ఆడుతున్నవాడి మీద కాసేపు నొక్కితే జరిగే హాని స్వల్పం. ఆగినవాడి మీద నొక్కకపోతే మిగిలేది మరణమే.

గాయపడినవారి దగ్గరికొస్తే లెక్క మారుతుంది. వీరి వైద్యానికి ఒక క్రమం ఏర్పడిన కథ 1976లో నెబ్రాస్కా పొలాల్లో మొదలైంది. జేమ్స్ స్టైనర్ అనే ఎముకల సర్జన్ నడుపుతున్న చిన్న విమానం కూలింది. భార్య చనిపోయింది, పిల్లలకు తీవ్ర గాయాలయ్యాయి. దగ్గరి ఊరి ఆసుపత్రిలో దొరికిన వైద్యం కంటే తాను పొలంలో ఉన్న కొద్దిపాటి వసతులతో చేసిందే మెరుగ్గా ఉందని ఆయన గ్రహించాడు. 1978లో మొదలైన శిక్షణ కోర్సును అమెరికన్ సర్జన్ల కళాశాల చేపట్టి ప్రపంచమంతటికీ పంచింది. ఏది త్వరగా చంపుతుందో దాన్ని ముందు చూడాలన్నదే ఆ కోర్సు సూత్రం. ఊపిరి దారి మూసుకుపోతే అన్నిటికంటే త్వరగా చనిపోతాడు కాబట్టి అక్కడ కూడా శ్వాసమార్గమే మొదటి మెట్టు అయింది.

ఆ మెట్టుకు ముందు ఇంకొకటి చేర్చింది యుద్ధం. ఇరాక్, అఫ్ఘానిస్థాన్‌లలో కాళ్లు చేతులు తెగిన సైనికులు ఊపిరి దారి మూసుకుపోయే దాకా ఆగలేదు. తొడ దగ్గరి పెద్ద ధమని తెగితే కొద్ది నిమిషాల్లో ప్రాణం పోతుంది. కట్టు బిగిస్తే కాలు కుళ్లుతుందన్న భయంతో వైద్యలోకం అంతకుముందు చాలాకాలం టోర్నికేను, అంటే చేతికో కాలికో బిగించి రక్తం ఆపే కట్టును, దూరం పెట్టింది. 2006లో బాగ్దాద్‌లోని అమెరికా సైనిక ఆసుపత్రికి చేరిన 232 మంది క్షతగాత్రులను పరిశీలిస్తే ఆ భయం నిలవలేదు. టోర్నికే వల్ల ఒక్క అవయవమూ పోలేదు. రక్తం బాగా పోయి ప్రసరణ కుప్పకూలే స్థితిలోకి (దీన్నీ షాక్ అనే అంటారు) జారకముందే కట్టు పడినవారిలో 90 శాతం బతికారు, జారాక పడినవారిలో 10 శాతం. అదే కట్టు, ఆలస్యమే తేడా. ఆ పాఠంతోనే ప్రాణాంతక రక్తస్రావాన్ని ఆపడం ఏ-బి-సికి కూడా ముందుకు వచ్చింది.

రక్తం ఆపడానికి పరికరం ఉండి తీరాలనేం లేదు. శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద పెట్టి, బరువంతా వేసి, తీసి చూడకుండా అదిమి పట్టుకుంటే చాలా గాయాలు లొంగుతాయి. గజ్జల్లో, చంకలో, మెడ మొదట్లో టోర్నికే పట్టదు. అక్కడ గుడ్డను గాయం లోపలికి కూరి నొక్కాలి. చేతికో కాలికో కట్టాల్సి వస్తే గాయానికి పైన, మోకాలు మోచేయి కీళ్ల మీద కాకుండా, రక్తం పూర్తిగా ఆగేంత బిగించి, కట్టిన సమయం రాయాలి. సన్నటి తాడుతో అరకొరగా బిగిస్తే ధమని మూసుకోదు, సిర మాత్రం మూసుకుని రక్తస్రావం పెరుగుతుంది. కట్టకపోవడం కంటే అది నష్టం.

తర్వాతే ఊపిరి దారి. మెడ ఎముకకు దెబ్బ ఉండొచ్చు కాబట్టి తల వెనక్కి వంచకుండా కింది దవడను ముందుకు లాగాలి. స్పృహ లేని క్షతగాత్రుడి నోట్లో నీళ్లు పోయడం రోడ్డు పక్క మనకు కనిపించే అతి సాధారణమైన దయ, అంతే సాధారణమైన ప్రమాదం. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకే పోతాయి. ఛాతీలో గాలి చిక్కుకుని గుండెను పక్కకు నెట్టే పరిస్థితి కూడా నిమిషాల్లో చంపుతుంది. దానికి శిక్షణ పొందినవారు ఛాతీ గోడలో సూదితోనో వేలితోనో దారి చేయాలి. ఎక్స్‌రే కోసం ఎదురుచూసే వ్యవధి ఉండదు.

రక్తం పోయినవాడికి సెలైన్ ఎక్కించడం దశాబ్దాల అలవాటు. 1994లో హ్యూస్టన్ నుంచి వచ్చిన అధ్యయనం దాన్ని ప్రశ్నించింది. పొట్టలో, ఛాతీలో తూటా, కత్తి గాయాలైన 598 మందిలో వెంటనే సెలైన్ ఎక్కించినవారిలో 62 శాతం, ఆపరేషన్ దాకా ఆపినవారిలో 70 శాతం బతికారు. ఉప్పునీరు ప్రాణవాయువును మోయదు, గడ్డకట్టే పదార్థాలను పలచన చేస్తుంది, ఒంటిని చల్లబరుస్తుంది, పెరిగిన ఒత్తిడితో అప్పుడే పడిన గడ్డలను కొట్టుకుపోనిస్తుంది. చల్లబడటం, రక్తం ఆమ్లంగా మారడం, గడ్డకట్టకపోవడం ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయి చంపే మూడు. రక్తం పోయినవాడికి ఇవ్వాల్సింది రక్తం, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు. కప్పాల్సింది దుప్పటి. అంతకంటే ముందు కావలసింది రక్తం కారే చోటును మూసే సర్జన్.

ఈ వరసలో చవకగా చేరగలిగిన మందు ఒకటుంది. ట్రానెక్సామిక్ యాసిడ్‌ను జపాన్‌లో ఉటాకో, షోసుకే ఒకామోటో దంపతులు 1962లో ప్రకటించారు. కాన్పులో రక్తం పోయి తల్లులు చనిపోవడం ఆపాలన్నది వాళ్ల ఆశ. అధిక రుతుస్రావానికి ఇక్కడి మందుల షాపుల్లో అమ్మే మాత్రల్లో ఉండేది ఇదే. 40 దేశాల్లో 20,000 మందికి పైగా క్షతగాత్రులపై జరిగి 2010లో వెలువడిన క్రాష్-2 అధ్యయనంలో మరణాలు 16 శాతం నుంచి 14.5 శాతానికి తగ్గాయి. భారతదేశం ఆ అధ్యయనంలో పాల్గొంది. అయితే గాయమైన మూడు గంటల లోపే మేలు. ఆ తర్వాత ఇస్తే రక్తస్రావ మరణాలు పెరిగాయి. తర్వాతి విశ్లేషణల ప్రకారం 15 నిమిషాల ఆలస్యం ఒక్కొక్కటీ ప్రయోజనాన్ని సుమారు పదో వంతు తగ్గిస్తుంది. ఇది అంబులెన్సులో మొదలవ్వాల్సిన మందు.

దెబ్బ తగిలి గుండె ఆగినవాడి దగ్గర రెండు వరసలూ ఢీకొంటాయి. ఐరోపా పునరుజ్జీవన మండలి మార్గదర్శకాలు ఇక్కడ స్పష్టంగా ఉన్నాయి. రక్తం పోవడం, ప్రాణవాయువు అందకపోవడం, ఛాతీలో గాలి చిక్కడం, గుండె చుట్టూ రక్తం చేరడం అనే నాలుగు కారణాలను సరిచేయడమే ముందు. ఛాతీ నొక్కడం వాటికి అడ్డు రాకూడదు. ఖాళీ గుండెను నొక్కితే ప్రసరణ రాదు, గుండె చుట్టూ రక్తం బిగిసి ఉంటే అది లోపలికి నిండదు. అయితే ఇది శిక్షణ, పరికరాలు ఉన్న బృందానికి చెప్పిన మాట. రోడ్డు మీద ఒంటరిగా ఉన్నవాడు కారుతున్న రక్తాన్ని ఆపి, ఆ తర్వాత నొక్కితే తప్పు లేదు. ఇంకో మెలిక కూడా ఉంది. స్టీరింగ్ మీద వాలిపోయిన డ్రైవర్, నెమ్మదిగా డివైడర్‌ను తాకి ఆగిన బస్సు, ఒంటి మీద చెప్పుకోదగ్గ గాయం లేదు, నాడీ లేదు. అతని గుండె ప్రమాదం వల్ల ఆగలేదు, గుండె ఆగడం వల్ల ప్రమాదం జరిగింది. అక్కడ మొదటి వరసే వర్తిస్తుంది. గాయానికీ, స్థితికీ పొంతన కుదరనప్పుడు గుండెను అనుమానించాలి.

తెలుగువారికి ఈ రంగంలో చెప్పుకోదగ్గ మొదలు ఉంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవను దేశంలోని చాలా రాష్ట్రాలు అందుకున్నాయి. 2023 ఫిబ్రవరిలో ఆరాంఘర్ చౌరస్తాలో కుప్పకూలిన వ్యక్తికి ట్రాఫిక్ కానిస్టేబుల్ సీపీఆర్ చేసిన వీడియో అందరూ చూశారు. ఆ మరుసటి నెలలో తెలంగాణ ప్రభుత్వం పెద్ద ఎత్తున సీపీఆర్ శిక్షణ మొదలుపెట్టింది. మంచిదే. కానీ రోడ్డు ప్రమాదాల్లో 2022 ఒక్క ఏడాదిలోనే దేశంలో 1,68,491 మంది చనిపోయారు. వారిని ముందుగా చేరే ఆటో డ్రైవరుకు, దాబా కుర్రాడికి, టోల్‌గేటు సిబ్బందికి గాయాన్ని నొక్కి పట్టడం నేర్పే పథకం ఆ స్థాయిలో కనిపించదు.

చట్టం డబ్బు మీద, రక్షణ మీద దృష్టి పెట్టింది. అత్యవసర రోగిని ఏ డాక్టరూ తిప్పి పంపరాదని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. సాయం చేసినవారిని వేధించకుండా 2016లో మార్గదర్శకాలకు ఆమోదం తెలిపింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ఆ రక్షణను చట్టంలో చేర్చి, గాయమైన తర్వాతి గంటను గోల్డెన్ అవర్ అని నిర్వచించింది. 2025 మేలో నోటిఫై చేసిన పథకం క్షతగాత్రుడికి ఏడు రోజుల వరకు 1.5 లక్షల రూపాయల నగదు రహిత చికిత్స ఇస్తుంది. ఆసుపత్రికి చేర్చినవారికి 2021లో మొదలైన 5,000 రూపాయల బహుమతిని 2025లో 25,000 చేశారు. ఇవన్నీ అవసరమే. అయితే గోల్డెన్ అవర్ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చిన బాల్టిమోర్ సర్జన్ ఆడమ్స్ కౌలీ చెప్పింది త్వరపడమని. గంట దాకా వ్యవధి ఉందని కాదు. తొడ ధమని తెగినవాడికి ఉన్నది ఐదు నిమిషాలు. బహుమతి మోసుకెళ్లినందుకు ఇస్తున్నారు, రక్తం ఆపినందుకు కాదు. చికిత్స ఖర్చు ఆసుపత్రి గుమ్మం దగ్గర మొదలవుతుంది, నివారించగలిగిన మరణాల్లో చాలావి గుమ్మానికి ఇవతలే జరుగుతాయి.

చేయాల్సింది పెద్ద ఖర్చు లేని పని. సీపీఆర్ తరగతికి మరో అరగంట చేర్చి రక్తస్రావం ఆపడం నేర్పాలి. డ్రైవింగ్ లైసెన్సుకు, పదో తరగతి పాఠానికి, పోలీసు శిక్షణకు రెండింటినీ జతచేయాలి. బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, మాల్స్‌లో షాక్ పెట్టె పక్కనే టోర్నికే కూడా ఉంచాలి. ప్రతి 108 వాహనంలో, హైవే పక్కన ఉన్న ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ట్రానెక్సామిక్ యాసిడ్ ఉండాలి, దాన్ని ఇచ్చే అధికారం అక్కడున్న సిబ్బందికి రాతపూర్వకంగా ఉండాలి. ఎంతమందికి శిక్షణ ఇచ్చామన్న లెక్కతో పాటు, ఎంతమంది ఆసుపత్రి నుంచి నడిచి ఇంటికి వెళ్లారన్న లెక్కను రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఏటా ప్రజల ముందు పెట్టాలి.